కొవ్వాడ పక్క ఊరి సంబంధం వదులుకోవాలా?

ప్రశ్న: మాది చీపురుపల్లి. మా అమ్మాయికి రణస్థలం మండలంలో, కొవ్వాడకు దగ్గర్లోని ఒక ఊరి సంబంధం కుదిరింది. అబ్బాయి బుద్ధిమంతుడు, పైడిభీమవరంలో ఉద్యోగం చేస్తున్నాడు. నిశ్చితార్థం పెట్టుకుందాం అనుకునేసరికి మా మరిది అడ్డుపడ్డాడు. కొవ్వాడలో అణు విద్యుత్ కేంద్రం వస్తోందని, ఫుకుషిమాలో రేడియేషన్‌కు లక్షల మంది పోయారని, అక్కడ పిల్లలు అవకరాలతో పుడుతున్నారని ఫోనులో వీడియోలు చూపిస్తున్నాడు. మా అన్నయ్య ఇంజినీరు. జపాన్‌లో రేడియేషన్ వల్ల ఒక్క ప్రాణమూ పోలేదని, ఇదంతా చదువులేని వాళ్ల భయమని తీసిపారేస్తున్నాడు. ఇద్దరూ నా మంచి కోరేవాళ్లే. ఎవరి మాట నమ్మాలి? నా భయం నిజంగా అజ్ఞానమేనా?
– ఒక తల్లి

సమాధానం:

అమ్మా,

మీరు ఎదురుచూస్తున్న మాట ముందు చెప్పేస్తాను. ఈ కారణంతో సంబంధం వదులుకోవద్దు. అబ్బాయి నడవడి నచ్చకపోతేనో, ఆ ఇంటి పద్ధతులు కుదరకపోతేనో, అన్నిటికన్నా ముఖ్యంగా మీ అమ్మాయికి ఇష్టం లేకపోతేనో ఇప్పుడే ఆగిపోండి, ఎవరూ తప్పుపట్టరు. కొవ్వాడ పేరు చెప్పి మాత్రం కాదనుకోవద్దు. ఎందుకో వివరంగా చెబుతాను. మీ మరిది మాటల్లో అబద్ధం ఎక్కడుందో, మీ అన్నయ్య నిజం ఎక్కడ సగంలో ఆగిపోయిందో కూడా చెబుతాను. మీ భయం గురించి రాయడానికే నాకు ఎక్కువ చోటు కావాలి.

కొవ్వాడలో ఇవాళ రియాక్టరు లేదు. ఒక్కొక్కటి 1,208 మెగావాట్ల చొప్పున ఆరు రియాక్టర్లు, అమెరికాకు చెందిన వెస్టింగ్‌హౌస్ నమూనావి, కట్టాలన్న ప్రతిపాదన ఉంది. దానికోసం భూసేకరణ జరిగింది, ఆందోళనలు జరిగాయి, ఏళ్లు గడిచాయి. ఆ నేల మీదికి అణు ఇంధనం ఇంతవరకు రాలేదు. కాబట్టి ఆ అబ్బాయి ఒంట్లోనో, ఆ ఊరి నీళ్లలోనో కొవ్వాడ రేడియేషన్ ఉండే అవకాశమే లేదు. రేపు ఆ కేంద్రం కట్టినా, ప్రమాదం జరగకుండా నడుస్తున్న అణు కేంద్రం వల్ల చుట్టుపక్కల జనానికి చేరే మోతాదు ప్రకృతి నుంచి మనకు రోజూ అందే దానితో పోలిస్తే చాలా చిన్నది. మన భీమిలి నుంచి భావనపాడు దాకా తీరం ఇసుకలో మోనజైట్ అనే ఖనిజం ఉంది, అందులో థోరియం అనే రేడియోధార్మిక లోహం ఉంది. ఆ ఇసుక తాతల కాలం నుంచీ రేడియేషన్ ఇస్తూనే ఉంది. కేరళలోని కరునాగపల్లి తీరంలో ఇది మనకన్నా చాలా ఎక్కువ. అక్కడ ఏళ్ల తరబడి జరిపిన ఆరోగ్య పరిశీలనలో ఆ కారణంగా క్యాన్సర్లు పెరిగినట్టు కనబడలేదు.

ఇక ఆ వీడియోలు. 2011లో సునామీకి అణు కేంద్రం దెబ్బతిని రేడియేషన్ బయటపడిన జపాన్‌లోని ఫుకుషిమా నుంచి పసిఫిక్ మహాసముద్రం అంతటా ఎరుపు, పసుపు, ఊదా రంగులు పాకినట్టు చూపించే పటం ఒకటి వాటిలో ఉండే ఉంటుంది. అది చూస్తే ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది. నిజానికి అది రేడియేషన్ పటం కాదు. 2011 మార్చి 11 సునామీలో ఏ చోట అల ఎంత ఎత్తు లేచిందో చూపిస్తూ అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ తయారు చేసినది. పక్కన ఉన్న కొలబద్ద మీద సెంటీమీటర్లు అని రాసి ఉంటుంది. ఎవరో ఆ కొలబద్దను కత్తిరించి, కింద రేడియేషన్ అని రాసి పంచారు. రెండు పువ్వులు అతుక్కుపోయినట్టున్న తెల్ల చేమంతుల ఫొటో కూడా అలాంటిదే. 2015లో జపాన్‌లో ఎవరో తీసిన ఆ ఫొటో ప్రపంచమంతా తిరిగింది. అలా అతుక్కుపోవడం మొక్కల్లో రేడియేషన్ లేని చోట కూడా, మన పెరటి తోటల్లో కూడా కనిపించేదే. మీ మరిది అబద్ధాలకోరు అని నేను అనడం లేదు. అన్న కూతురి మీద ప్రేమతోనే చూపించి ఉంటాడు. చేతికి వచ్చిన బొమ్మ ఎక్కడిదో వెనక్కి వెళ్లి చూసుకోవడం అందరికీ చేతనయ్యే పని కాదు.

అవకరాల మాటకు మాత్రం గట్టిగా జవాబు చెప్పాలి. ఒక తల్లి మనసులో అది ఒకసారి నాటుకుంటే ఇక నిద్ర ఉండదు. హిరోషిమా, నాగసాకిల మీద 1945లో బాంబులు పడ్డాయి. బతికి బయటపడ్డవాళ్లకు ఆ తరవాత పుట్టిన పిల్లలను సుమారు 77,000 మందిని దశాబ్దాలుగా పరిశీలిస్తూ వచ్చారు. తల్లికో తండ్రికో తగిలిన రేడియేషన్ వల్ల ఆ పిల్లల్లో వంశపారంపర్య జబ్బులు, అవకరాలు పెరిగినట్టు తేలలేదు. బాంబు రేడియేషన్‌తో పోలిస్తే ఫుకుషిమా జనానికి తగిలింది ఎంతో తక్కువ. ఒకప్పటి సోవియట్ దేశంలో 1986లో అణు ప్రమాదం జరిగిన చెర్నోబిల్‌లో శుభ్రం చేసే పనికి వెళ్లిన తండ్రులు, అక్కడి నుంచి ఖాళీ చేయించిన తల్లులు కన్న పిల్లల జన్యువులను పరీక్షించి 2021లో ప్రకటించిన ఫలితాల్లో కూడా కొత్త మార్పులు మామూలు కన్నా ఎక్కువగా లేవు. ఒక్క జాగ్రత్త మాత్రం ఉంది. బిడ్డ కడుపులో ఉండగానే తల్లికి భారీ మోతాదు తగిలితే ప్రమాదమే. బాంబు పడిన రోజున రెండు నుంచి నాలుగు నెలల గర్భంతో ఉన్న తల్లుల బిడ్డలు కొందరు చిన్న తలతో, బుద్ధిమాంద్యంతో పుట్టారు. గర్భిణులను అందరికన్నా ముందు దూరంగా పంపాలని నియమం పెట్టింది అందుకే.

ఈ విషయం తెలియకపోవడం వల్ల పోయిన ప్రాణాలు కూడా ఉన్నాయమ్మా. 1986 ఏప్రిల్ 26న చెర్నోబిల్ రియాక్టరు పేలినప్పుడు గ్రీసు దేశం ఎంతో దూరంలో ఉంది. అక్కడి గర్భిణులకు చేరిన మోతాదు లెక్కకు రానంత తక్కువ. అయినా పత్రికల్లో వచ్చిన పుకార్లకు తోడు కొందరు డాక్టర్లు కూడా తెలిసీ తెలియక సలహాలివ్వడంతో, కావాలని కడుపున మోస్తున్న బిడ్డలను తల్లులు తీయించుకున్నారు. అలా పోయినవి సుమారు 2,500 అని ఆ దేశపు వైద్య పరిశోధకులే లెక్క కట్టారు. రేడియేషన్ తాకని ఇళ్లలోకి దాని భయం అలా వెళ్లింది.

ఇప్పుడు మీ అన్నయ్య దగ్గరికి వద్దాం. ఆయన చెప్పిన దానికి ఆధారం ఉంది. ఫుకుషిమాలో రేడియేషన్ జబ్బుతో అప్పటికప్పుడు చనిపోయినవారు లేరు. ఊపిరితిత్తుల క్యాన్సరుతో మరణించిన ఒక కార్మికుడి విషయంలో రేడియేషనే కారణమని జపాన్ ప్రభుత్వం 2018లో ఒప్పుకుని పరిహారం ఇచ్చింది. చుట్టుపక్కల ప్రజల ఆరోగ్యం మీద రేడియేషన్ నేరుగా చూపిన చెడు ఫలితమేదీ నమోదు కాలేదని ఐక్యరాజ్య సమితి శాస్త్రీయ సంఘం 2021లో ప్రకటించింది. మీ మరిది చెప్పే లక్షల చావులు లేవు. 2011లో జపాన్‌లో చనిపోయిన, గల్లంతైన 18,000 మందికి పైగా జనాన్ని పొట్టన పెట్టుకున్నది భూకంపం, సునామీ. రెండింటినీ కలిపి చెప్పే వీడియోలే ఎక్కువ.

కానీ మీ అన్నయ్య అక్కడితో ఆగిపోయారు. ఫుకుషిమా జిల్లాలో సునామీ, భూకంపం నేరుగా చంపింది సుమారు 1,600 మందిని. ఆ తరవాత ఊళ్లు ఖాళీ చేయడంలో, శిబిరాల్లో, వైద్యం అందక, దిగులుతో, ఇంటికి తిరిగి వెళ్లలేక చనిపోయారని ప్రభుత్వమే ధ్రువీకరించినవారు 2,300 మందికి పైనే. ఆ చావులు రేడియేషన్ ఖాతాలోకి రావు. మరి ఏ ఖాతాలోకి వస్తాయి? అణు ప్రమాదం జరగకపోతే వాళ్లలో చాలామంది తమ ఇళ్లలోనే ఉండేవారు.

ఫుతాబా అనే ఆసుపత్రి సంగతి మీ అన్నయ్యకు చెప్పండి. అణు కేంద్రానికి నాలుగైదు కిలోమీటర్ల దూరంలో ఉండేది. మంచం దిగలేని ముసలివాళ్లు, మానసిక రోగులు అందులో ఉండేవారు. అందరూ వెళ్లిపోవాలని ఆజ్ఞ వచ్చింది. నడవగలిగిన వాళ్లు ముందే వెళ్లిపోయారు. మిగిలినవాళ్ల కోసం మార్చి 14న బస్సులు వచ్చాయి. సెలైన్లు తీసేసి, పడుకోవాల్సిన వాళ్లను సీట్లలో కూర్చోబెట్టారు. వెంట నర్సులు లేరు. ముందు ఉత్తరాన ఒక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లి రేడియేషన్ పరీక్ష చేయించారు. ఆ తరవాత చుట్టూ తిరిగి దక్షిణాన ఇవాకి పట్టణంలోని ఒక హైస్కూలుకు చేర్చారు. సుమారు 230 కిలోమీటర్లు, పది గంటల ప్రయాణం. బస్సులోనే కొందరు ప్రాణాలు వదిలారు, దించిన తరవాత ఆ బడిలో మరికొందరు. నెలాఖరుకు ఆ ఆసుపత్రి రోగుల్లో పదుల మంది లేరు. వాళ్లను నాలుగు రోజులు తలుపులు బిగించి అక్కడే ఉంచి, మందులు, నర్సులు, పడుకోబెట్టి తీసుకెళ్లే బండ్లు సమకూర్చుకుని కదిలించి ఉంటే ఎక్కువమంది బతికేవారని తరవాత వైద్యులు రాశారు. ఆ ఘడియలో అలా ఆలోచించగల స్థితిలో ఎవరూ లేరు. ముందుగా ఆలోచించి పెట్టినవాళ్లు కూడా లేరు.

నమియే పట్టణం వాళ్లది మరో కథ. అణు కేంద్రం నుంచి దూరంగా పోదామని వాయవ్యంగా కొండల్లో ఉన్న త్సుషిమాకు వెళ్లారు. అక్కడ పిల్లలు ఆరుబయట ఆడుకున్నారు, పెద్దలు వాగు నీళ్లతో అన్నం వండుకున్నారు. గాలి రేడియోధార్మిక ధూళిని మోసుకెళ్తున్నది సరిగ్గా ఆ దిక్కుకే. ఏ దిక్కుకు పోతుందో లెక్క కట్టే కంప్యూటర్ వ్యవస్థ జపాన్ ప్రభుత్వం దగ్గర ఉంది, అది లెక్కలు కట్టింది కూడా. ఆ లెక్కలు ఊరి పెద్దలకు చేరలేదు. పూర్తి కొలతలు లేకుండా చెబితే జనం కంగారు పడతారని కొందరు అధికారులు అనుకున్నారు. అంతకన్నా ముందు, మార్చి 11 రాత్రి 9 గంటల 23 నిమిషాలకు 3 కిలోమీటర్ల లోపలి వాళ్లు వెళ్లిపోవాలని ఆజ్ఞ వెలువడినప్పుడు, అణు కేంద్రం ఉన్న ఊరివాళ్లలో ప్రమాదం సంగతి తెలిసినవారు 20 శాతం మందేనని జపాన్ పార్లమెంటు నియమించిన విచారణ సంఘం తేల్చింది. మరుసటి రోజు ఉదయానికి ఆ 3 కిలోమీటర్లు 10 అయ్యాయి, సాయంత్రానికి 20 అయ్యాయి. కట్టుబట్టలతో బయలుదేరిన వాళ్లు ఒక్కో చోట దిగి సర్దుకునేలోపు మళ్లీ లేవాల్సి వచ్చింది.

అందుకే మీ అన్నయ్యతో నేను ఏకీభవించలేను. అణు కేంద్రంలో ప్రమాదం జరిగితే జనాన్ని దెబ్బతీసేది రేడియేషన్ ఒక్కటే అనుకుని, ఆ ఒక్కదాన్ని కొలిచి, తక్కువే ఉంది కాబట్టి భయపడటం అజ్ఞానం అంటున్నారు. మీ మరిది కూడా రేడియేషన్ ఒక్కదాన్నే చూస్తున్నాడు, కొలవకుండా. ఫుకుషిమా మనుషులను ముంచింది సమాచారం ఆలస్యం కావడం, ముందుచూపు లేని తరలింపు, ఆ తరవాత చెప్పేవాళ్ల మీద నమ్మకం పోవడం. మన జిల్లాలో కొవ్వాడ గురించి అడగాల్సిన ప్రశ్నలు కూడా అక్కడి నుంచే రావాలి.

నమ్మకం ఎలా పోయిందో ఒక్క ఉదాహరణ చెబుతాను. మామూలు రోజుల్లో సామాన్యులకు ప్రకృతి రేడియేషన్, వైద్య పరీక్షలు కాక అదనంగా ఏడాదికి 1 మిల్లీసీవర్టు (ఒంటికి తగిలే రేడియేషన్ మోతాదుకు కొలత) మించకూడదని నియమం. ప్రమాదం తరవాత ఫుకుషిమా బడుల విషయంలో 20 దాకా పరవాలేదని ప్రభుత్వం అంది. ప్రమాద సమయాల్లో అలాంటి వెసులుబాటు అంతర్జాతీయ నియమాల్లో ఉన్నదే. కానీ నిన్నటిదాకా 1 అన్నవాళ్లు ఇవాళ 20 అంటే ఏ తల్లి ఊరుకుంటుంది? ప్రధానమంత్రికి సలహాదారుగా ఉన్న కొసాకో అనే ప్రొఫెసరు పిల్లలకు ఇది ఒప్పుకోలేనని కన్నీళ్లతో రాజీనామా చేశారు. ఆహారంలో సీజియం అనే రేడియోధార్మిక పదార్థాన్ని మొదట కిలోకు 500 బెక్వెరల్ (రేడియోధార్మికతకు కొలత) దాకా అనుమతించి, 2012 ఏప్రిల్‌లో 100కు తగ్గించారు. ఇంకా భద్రంగా ఉండాలనే తగ్గించారు. జనానికి మాత్రం మరోలా అర్థమైంది: అయితే ఏడాదిపాటు మా పిల్లలకు పెట్టింది విషమన్నమాట! అంకెలు తప్పు కావు. ముందే కూర్చోబెట్టి ఎందుకో చెప్పని అంకెను ఎవరూ నమ్మరు, అంతే.

మీ భయం అజ్ఞానమా అని అడిగారు. కాదు. మనుషులు ప్రమాదాన్ని ఎలా తూకం వేస్తారో పాల్ స్లోవిక్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త దశాబ్దాలపాటు పరిశోధించాడు. కంటికి కనిపించనిది, కొత్తది, ఒకేసారి ఎందరినో ముంచేది, రాబోయే తరాలను తాకేది, మన చేతుల్లో లేనిది అయితే సామాన్యులు దాన్ని పెద్ద ప్రమాదంగా చూస్తారు. నిపుణులు ఏడాదికి ఎన్ని చావులు అని మాత్రమే లెక్కేస్తారు. సామాన్యుల తూకంలో న్యాయం కూడా ఉంటుంది: లాభం ఎవరికి, నష్టం ఎవరికి, మమ్మల్ని అడిగారా లేదా అని. మీ అన్నయ్య జాతీయ రహదారి మీద చావులు చూపించి, దాని ముందు అణు కేంద్రం ఎంత అని అడిగే ఉంటారు. తానుగా ఒప్పుకున్న ప్రమాదాన్ని మనిషి, తన మీద రుద్దిన దానికన్నా వెయ్యి రెట్లు ఎక్కువగా భరిస్తాడని చాన్సీ స్టార్ అనే ఇంజినీరు 1969లోనే లెక్కగట్టి చూపాడు. బండెక్కడం మన ఇష్టం. ఊళ్లోకి వచ్చే రియాక్టరు మనల్ని అడిగి రాదు.

పైగా ఈ ప్రాంతం వాళ్లం ఊరికే అనుమానపడం. సోంపేటలో 2010లో, కాకరాపల్లిలో 2011లో థర్మల్ కేంద్రాలు వద్దన్న జనం మీద కాల్పులు జరిగాయి. విశాఖ శివార్లలోని ఆర్.ఆర్. వెంకటాపురంలో 2020 మే 7 తెల్లవారుజామున స్టైరీన్ వాయువు ఊరి మీదికి వచ్చినప్పుడు ప్రజలను హెచ్చరించే సైరన్ మోగలేదు. నిద్రలో ఉన్నవాళ్లు లేచి పరుగెత్తి దారిలో కుప్పకూలారు. ఉద్దానంలో కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఏళ్లకు ఏళ్లు పరిశోధనలు జరిగినా కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. అక్కడి ఆడపిల్లలకు, మగపిల్లలకు సంబంధాలు తప్పిపోయిన ఇళ్లు మీకూ తెలిసే ఉంటాయి. ఇన్ని చూసిన మనుషులు, అంతా భద్రమే అని ఒకరు వచ్చి చెప్పగానే నమ్మకపోవడం తెలివితక్కువతనం కాదు.

అయితే భయానికి కొంత కొలత నేర్పాలి. లేకపోతే అది ఎక్కడ పడితే అక్కడ వాలుతుంది. రేడియేషన్ మోతాదును మిల్లీసీవర్టుల్లో చెబుతారు. నేల, ఆకాశం, తిండి, గాలి నుంచి ప్రపంచంలో సగటు మనిషికి ఏడాదికి 2.4 అందుతుంది. ఛాతీ ఎక్స్‌రే 0.1 లేదా ఇంకా తక్కువ. ఛాతీ సీటీ స్కాన్ 7 దాకా. క్యాన్సర్ అవకాశం పెరిగినట్టు లెక్కల్లో స్పష్టంగా కనిపించేది సుమారు 100 దాటాక. అంతకన్నా తక్కువలో అసలు ప్రమాదమే లేదని ఎవరూ హామీ ఇవ్వరు, ఉంటే గింటే చాలా కొద్దిగా అని లెక్కలోకి తీసుకుని జాగ్రత్త పడమంటారు. ఫుకుషిమా చుట్టుపక్కల ప్రజల్లో అత్యధికులకు మొదటి ఏడాది తగిలింది 10 లోపే. రియాక్టర్ల దగ్గర పనిచేసిన కార్మికుల్లో ఆరుగురికి 250 దాటింది. మీ మరిది ఇకమీద ఏ వీడియో చూపించినా ఎన్ని మిల్లీసీవర్టులు, ఎంత కాలంలో అని అడగండి. ఆ రెండూ లేని వీడియోను పక్కన పెట్టేయవచ్చు.

ఇంకొకటి కూడా తెలిసి ఉండాలి. పొయ్యి వేడి వేరు, పొయ్యిలోని బూడిద వేరు. దూరం జరిగితే వేడి తగ్గిపోతుంది, బూడిద ఒంటికి అంటుకుంటే వెంట వస్తుంది, కడిగితే పోతుంది. రేడియేషన్ వేడిలాంటిది, రేడియోధార్మిక ధూళి బూడిదలాంటిది. రేడియేషన్ సోకిన మనిషి నుంచి పక్కవాడికి అది జబ్బులా అంటుకోదు. ధూళి ఉంటే బట్టలు మార్చి స్నానం చేయిస్తే చాలావరకు పోతుంది. ఇంత చిన్న సంగతి తెలియక జపాన్‌లో ఫుకుషిమా వాళ్లకు కొన్నిచోట్ల వసతి గదులు ఇవ్వలేదు. యొకొహామాకు వలస వెళ్లిన ఒక పిల్లవాణ్ణి తోటి పిల్లలు క్రిమి అని పిలిచి, నీకు పరిహారం డబ్బు వచ్చిందిగా అని అతని దగ్గర లక్షల యెన్‌లు గుంజారు. అంతకుముందు తరంలో హిరోషిమా, నాగసాకి ఆడపిల్లలు ఎందరికో పెళ్లిళ్లు కాలేదు, ఊరి పేరు దాచుకుని బతికారు. ప్రమాదం తరవాత తొలి ఏడాది ఫుకుషిమా నిర్వాసితుల్లో సగానికి మించి, రాబోయే తరాలకు హాని తప్పదని నమ్మారు. ఆ నమ్మకం ఎంత బలంగా ఉంటే మనోవ్యథ అంత ఎక్కువగా ఉన్నట్టు అక్కడి వైద్యుల సర్వేల్లో తేలింది.

ఇక్కడే మీతో కొంచెం గట్టిగా మాట్లాడాలి, ఏమీ అనుకోకండి. జపాన్‌లో ప్రమాదం జరిగాక ఆ ఊళ్ల పిల్లలను దూరం పెట్టారు. ఇక్కడ రియాక్టరే లేకుండా, కేవలం ఒక ప్రతిపాదన ఉన్నందుకు ఒక అబ్బాయిని దూరం పెడితే ఆ ఊళ్ల వాళ్లు ఏమైపోవాలి? భూములు పోతాయన్న దిగులు వాళ్లకు ఉంది. వేట సాగుతుందో లేదో, ఏదైనా జరిగితే మన చేపను ఎవరు కొంటారన్న దిగులు ఉంది. ఈ చివరిది ఊహ కాదు. ఫుకుషిమాలో శుద్ధి చేసిన నీటిని 2023 ఆగస్టు 24 నుంచి సముద్రంలోకి వదులుతున్నారు. అందులో ట్రిటియం (రేడియోధార్మిక హైడ్రోజన్) లీటరుకు 1,500 బెక్వెరల్‌కు లోపే ఉండాలన్నది వాళ్ల పరిమితి. తాగే నీటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన మార్గదర్శక విలువ 10,000. అయినా చైనా ఆ రోజే జపాన్ చేపలన్నీ నిషేధించింది. మత్స్యకారుడి బతుకును అంకెలు కాపాడలేకపోయాయి. ఇన్ని బెంగలున్న ఊళ్లకు ఇక పిల్లనిచ్చేవాళ్లు కూడా ఉండరంటే, అది మనం వాళ్లకు చేసే అన్యాయం.

కేంద్రం వద్దనడానికి, కావాలనడానికి మీకు పూర్తి హక్కు ఉంది. నన్నడిగితే ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబులు రానంతవరకు ఒప్పుకోకూడదంటాను. వెస్టింగ్‌హౌస్ నమూనాలో కరెంటు పూర్తిగా పోయినా, మనుషులు చెయ్యి వేయకపోయినా 72 గంటలపాటు దానంతట అదే చల్లబరుచుకునే ఏర్పాటు ఉంది. ఫుకుషిమాలో లేనిది అదే. అది మంచి విషయం, ఒప్పుకుందాం. 2004 డిసెంబరు 26 సునామీలో కల్పాక్కం పంపుహౌసులోకి సముద్రం వచ్చినా రియాక్టరును క్షేమంగా ఆపగలిగారు, అదీ ఒప్పుకుందాం. కానీ నేను అడిగేది గోడ లోపలి సంగతి కాదు. గోడ బయట, మన ఊళ్లలో ఎవరు ఏం చేస్తారన్నది.

మన దేశపు నియమాల ప్రకారం అణు కేంద్రం చుట్టూ 16 కిలోమీటర్ల వరకు అత్యవసర ప్రణాళిక ఉండాలి. కేంద్రం బయట దాన్ని నడిపించాల్సినది జిల్లా కలెక్టరు. ఆ ప్రణాళిక తెలుగులో పంచాయతీ ఆఫీసులో ఉంటుందా? మంచంలో ఉన్న ముసలమ్మను ఏ బండిలో, ఎవరు, ఎక్కడికి తీసుకెళ్తారో అందులో పేరుపేరునా ఉంటుందా? హుద్‌హుద్, తిత్లీ తుపానుల్లో రోడ్ల మీద చెట్లు పడి ఎన్ని ఊళ్లకు దారి తెగిపోయిందో చూశాం. అలాంటి రోజునే ప్రమాదం జరిగితే తీరం ఊళ్ల నుంచి జాతీయ రహదారి దాకా ఎలా చేరతారు? నైరుతి రుతుపవనాల్లో గాలి ఒక దిక్కుకు, చలికాలంలో ఇంకో దిక్కుకు, మధ్యాహ్నం సముద్రం మీంచి ఊళ్ల వైపుకు వీస్తుంది. ఆ సమయానికి గాలి ఎటు ఉందో ఊరి సర్పంచికి ఎవరు, ఎన్ని నిమిషాల్లో చెబుతారు? రేడియేషన్ కొలిచే పరికరాల అంకెలు బస్టాండులోనో, బడి గోడ మీదో మామూలు రోజుల్లో కూడా అందరికీ కనిపించేలా పెడతారా? ఇవాళ్టి మామూలు అంకె తెలిసిన ఊరికే రేపటి ఎక్కువ అంకె అర్థమవుతుంది. కేంద్రం కట్టకముందే ఈ ప్రాంతపు నేల, నీరు, చేపల కొలతలు తీసి ప్రచురించమని అడగాలి. ఆ అంకెలు లేకపోతే తరవాత దేన్ని దేనితో పోలుస్తారు? పర్యావరణ అనుమతి కోసం ప్రజాభిప్రాయ సేకరణ జరిపినప్పుడు నివేదిక సారాంశం తెలుగులో ఇవ్వాలని 2006 నోటిఫికేషనే చెబుతోంది. మిగతా కాగితాలకు సమాచార హక్కు చట్టం ఉంది. మీ అన్నయ్య ఇంజినీరు కదా, తీసిపారేసే బదులు ఈ ప్రశ్నలు రాసిపెట్టమనండి. ఆయన చదువు ఇక్కడే అక్కరకొస్తుంది.

ఎప్పుడైనా, ఎక్కడైనా అలాంటి ప్రమాద హెచ్చరిక వస్తే ఏం చేయాలో కూడా చెప్పేస్తాను. ముందు ఇంట్లోకి వెళ్లి తలుపులు, కిటికీలు మూసి, ఫ్యాను ఆపి, అధికారులు చెప్పేది వినాలి. బయటి నుంచి వచ్చినవాళ్లు పై బట్టలు గుమ్మం దగ్గరే విప్పి సంచిలో కట్టేసి స్నానం చేయాలి. బయట మేసిన పశువుల పాలు, ఆరుబయట నీళ్లు, ఆకుకూరలు పిల్లలకు పెట్టకూడదు. చెర్నోబిల్‌లో పిల్లల థైరాయిడ్‌ను దెబ్బతీసింది ఎక్కువగా పాలే. వద్దని ఎవరూ సకాలంలో చెప్పలేదు. 2005 నాటికి అప్పటి పిల్లల్లో 6,000కు పైగా థైరాయిడ్ క్యాన్సర్లు బయటపడ్డాయి. వాటిలో పెద్ద భాగానికి పాలలో చేరిన రేడియోధార్మిక అయోడినే కారణం. అదృష్టవశాత్తు చికిత్సకు లొంగే జబ్బు కాబట్టి చనిపోయినవారు 15 మంది. థైరాయిడ్‌లో మామూలు అయోడిన్ ముందే నిండితే రేడియోధార్మిక అయోడిన్‌కు చోటుండదని, పక్కనే ఉన్న పోలండు కోటి మందికి పైగా పిల్లలకు వెంటనే అయోడిన్ మందు తాగించింది.

ఆ అయోడిన్ మందు డాక్టర్లు, అధికారులు చెప్పినప్పుడే వేసుకోవాలి. ఉప్పు దానికి బదులు కాదు. 2011లో చైనాలో, 2023లో దక్షిణ కొరియాలో జనం దుకాణాల మీద పడి ఉప్పు కొనేశారు. మన అయోడైజ్డ్ ఉప్పులో కిలోకు 15 మిల్లీగ్రాముల అయోడిన్ ఉండాలని నియమం. పెద్దవాళ్ల ఒక్క మాత్రలో ఉండే అయోడిన్ కావాలంటే ఆరేడు కిలోల ఉప్పు ఒకేసారి తినాలి. అంతకుముందే ఉప్పే ప్రాణం తీస్తుంది.

పెళ్లి విషయానికి వస్తే, మీరు అబ్బాయి వాళ్లను అడగాల్సిన ప్రశ్న రేడియేషన్ గురించి కాదు. వాళ్ల ఇల్లు, పొలం భూసేకరణ పరిధిలో ఉన్నాయా? ఉంటే పరిహారం అందిందా, ఎవరి పేరు మీద వచ్చింది? పునరావాస కాలనీలో ఇల్లు ఇస్తే కొడుకులకు విడివిడిగా ఇస్తారా, పెళ్లయితే లెక్క మారుతుందా? అమ్మాయి రేపు ఉండబోయేది ఏ ఊళ్లో? మీరూ అమ్మాయీ ఒకసారి అక్కడికి వెళ్లి, కాబోయే వియ్యపురాలితో ఇవన్నీ కూర్చుని మాట్లాడండి. ఏళ్లుగా ఈ విషయంతోనే బతుకుతున్న ఇల్లు అది. వీలైతే మీ మరిదిని కూడా వెంట తీసుకెళ్లండి.